మంచుగడ్డలో గుర్రప్పిల్ల

నవంబరు 19

డాక్టరమ్మ సర్గిలానా రోజూ ఒక పేజీ రాయమంది. కుడిచేత్తోనే రాయాలట. ఏం రాయాలి అని అడిగాను. "మీ ఇష్టం తాతా, ఎవరూ చదవరు" అంది. ఎవరూ చదవనిది రాయడం దేనికి అంటే, వేళ్ళు మళ్ళీ కదలడానికి అంది. మూడో తరగతిలో బడి ఎగ్గొట్టి గుర్రాల వెనక పోయినవాణ్ణి. డెబ్బై నాలుగేళ్ళకి మళ్ళీ అక్షరాలు దిద్దుతున్నాను.

పేజీ ఇంకా నిండలేదు. నా పేరు బహిలాయ్. రాటలు చెక్కుతాను. ఈ ఊళ్ళో గుర్రాల్ని కట్టే రాటల్లో సగం నావి. మిగతా సగం జొగోర్‌వి. వాటిని రాటలనరు, దుంగలంటారు.

నిండింది.

నవంబరు 20

చెయ్యి బాగానే ఉంది.

నవంబరు 21

కప్పు జారిపోయింది. మా ఆవిడ ఓగ్దో కప్పుల జిడ్డు సరిగ్గా వదిలించదు. అదీ కారణం.

నవంబరు 24

చెరువు మీద మంచుగడ్డ మోచెయ్యి లోతు గట్టిపడింది. ఊరంతా గడ్డలు కోసుకున్నారు. ఓగ్దో పొద్దున్నే అట్లు పోసి, మొదటి అట్టు ముక్కలు చేసి చెరువుకి పెట్టింది. పెట్టకుండా గడ్డపార వేస్తే చెరువు అలుగుతుంది. పక్కింటివాళ్ళు మాకోసం కూడా కోశారు. ట్రాక్టర్ మీద తెచ్చి పెరట్లో గోడలా పేర్చి పోయారు. అరవై గడ్డలు. వసంతం దాకా మా తాగునీళ్ళు అవే.

పోయినేడు దాకా నా గడ్డలు నేనే కోశాను. ఈసారి నాకు టీ ఫ్లాస్కు పట్టుకునే పని ఇచ్చారు. పట్టుకున్నాను. ఎడమచేత్తో.

నవంబరు 30

మనవరాలు తుయారా వచ్చింది. పెళ్ళి కుదిరిందట. మార్చి ఇరవై. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చలికి కాదు.

"తాతా, పెళ్ళిరాట నువ్వే" అంది.

"ఇంకెవరు" అన్నాను.

దాని పెళ్ళిరాట కోసమే కొట్టం వెనక లార్చ్ చెట్టు దుంగ ఒకటి ఎనిమిదేళ్ళుగా ఆరబెట్టాను. ఒక్క పగులు లేదు. వేలితో తడితే గిన్నెలా మోగుతుంది.

అది వెళ్ళాక ఓగ్దో, "ఎలా చెక్కుతావు?" అని అడిగింది.

"చేత్తో."

ఆవిడ నా కుడిచేతి వైపు చూసింది. చూడకుంటే బాగుండేది.

డిసెంబరు 3

గొడ్డలి పడిపోయింది. పిడి చలికి బిగుసుకుపోయి ఉంది.

డిసెంబరు 4

ఏమీ లేదు.

డిసెంబరు 5

ఏమీ లేదు.

డిసెంబరు 9

జొగోర్‌కి ఇవ్వమంటుంది ఓగ్దో. దుంగ. జొగోర్‌కి. పదకొండేళ్ళ క్రితం వేసవి పండగలో, ఊరందరి ముందు, నేను నిలబెట్టిన రాటని చూసి ఒక కన్ను మూసి, "కుడికి వాలింది" అన్నాడు. అప్పట్నుంచి వాడితో మాట లేదు. రాట వాలలేదు. వాడి మెడ వాలింది.

"పెళ్ళి మార్చిలో" అంది ఓగ్దో.

"నాకు నెలలు వచ్చు."

"పిల్లకి రాట కావాలి ముసలాడా, నీ పౌరుషం కాదు."

పొయ్యిలో పెట్టి కాలుస్తాను గాని వాడికివ్వను అన్నాను. అని, కొట్టం వెనక్కి పోయి దుంగ మీద పడిన మంచు చీపురుతో తుడిచి వచ్చాను. ఎందుకో తెలియదు.

డిసెంబరు 14

నీళ్ళపీపాలో వేయడానికి ఒక గడ్డ తెమ్మంది ఓగ్దో. ఇదైనా చేయగలడని ఆవిడ ఉద్దేశం. బయట చలి సున్నాకి కింద నలభై ఎనిమిది. పై వరుసలోంచి ఒకటి లాగితే చెయ్యి జారి కింద పడింది. విరగలేదు. నిలువుగా నిలబడింది. అప్పుడే చెరువు అవతల సూర్యుడు లేచి ఆ గడ్డలోంచి నామీదకి దూరాడు.

డెబ్బై నాలుగేళ్ళుగా ఈ గడ్డలు తాగుతున్నాను. ఒక్కసారి చూడలేదు.

లోపల తెల్లటి బుడగలు, ఒకదానిమీద ఒకటి, అట్ల దొంతరలా. చెరువు అడుగున ఊపిరి వదిలితే వదిలింది వదిలినట్టే ఆగిపోయింది. ఒక గడ్డిపరక నిలువుగా, పచ్చగా, చావడం మర్చిపోయి నిలబడింది. ఒక మూల నీలం. ఇంకో మూల ఏ రంగో నాకు పేరు రాదు. తల ఇటు వంచితే ఒకటి, అటు వంచితే ఇంకొకటి. అటూ ఇటూ వంచుతూనే ఉన్నాను.

ఓగ్దో తలుపు తీసి, "గడ్డ తెమ్మంటే కాపలా కాస్తున్నావేంటయ్యా?" అంది.

ముక్కు కొన తెల్లబడిపోయిందట. ఇంట్లోకి లాక్కొచ్చి రుద్దింది. నేను నవ్వుతున్నాను.

డిసెంబరు 15

కత్తి ఎడమచేత్తో పట్టుకుని గడ్డని గీరాను. గడ్డకట్టిన చేపని పొరలుగా చెక్కుకుని తింటాం కదా, అలా. పొరలు చుట్టలు చుట్టుకుని లేచాయి. లార్చ్ అయితే బతిమాలాలి. ఇది అడక్కుండానే ఇస్తుంది. గుర్రాన్ని చెక్కుదామనుకున్నాను. కుక్క వచ్చింది. తోక మాత్రం బాగుంది.

డిసెంబరు 16

పొద్దున టీ తాగుతూ కిటికీలోంచి చూస్తే గుర్రం లేదు.

"గుర్రమేది?"

"ఏ గుర్రం?" అంది ఓగ్దో. "గడపలో కుక్క ఒకటి ఉంటే పీపాలో వేశాను. నీళ్ళు అయిపోయాయి."

నా చేతిలో ఉన్న కప్పులోకి చూశాను. పాలు పోసిన టీ. అందులో నా మూడు గంటల పని.

మధ్యాహ్నం దాకా కొట్టంలో కూర్చుని కోపం పెంచుకుందామనుకున్నాను. పెరగలేదు. ఒక సంగతి తట్టింది. నేను చెక్కిన రాటలన్నీ ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి మీద నా తప్పులన్నీ నిలబడే ఉన్నాయి. ఆ పండగ రాట వాలింది. కుడికే వాలింది. దాని ముందు నడవలేక పదకొండేళ్ళుగా చుట్టుదారిన దుకాణానికి పోతున్నాను. కొత్త దుంగ మీద ఉలి పెట్టిన ప్రతిసారీ ఆ వాలిన రాట మోచెయ్యి పట్టుకునేది. ఈ కుక్కని మాత్రం తాగేశాం. ఎవరు వచ్చి ఒక కన్ను మూసి చూస్తారు?

సాయంత్రం ఇంకో కప్పు అడిగాను.

"తోక ఉందా ఇందులో?" అన్నాను.

ఓగ్దో నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

డిసెంబరు 22

ఈ వారం తాగినవి: ఒక బాతు. రెండు చెంచాలు. జొగోర్ ముక్కు. మూడు కాళ్ళ కుర్చీ. ఓగ్దో ముఖం కూడా చెక్కాను. తనే చూసి, "నా గడ్డం అంత ఉండదు" అని తనే పీపాలో వేసుకుంది. ఆ పూట టీ కొంచెం చేదుగా ఉందన్నాను. మూడు రోజులు ఆ మాటకి పడ్డాను.

నిద్ర లేస్తూనే చేతులు దురద పెడుతున్నాయి. ముప్పై ఏళ్ళ వయసులో ఇలా ఉండేది. అప్పుడు కారణం ఓగ్దో.

డిసెంబరు 29

ఓగ్దో గడ్డలు లెక్కపెట్టిందట. అరవైలో ముప్పై ఒకటి మిగిలాయి. పోయినవాటిలో సగం నేను పగలగొట్టినవే. యాభై డిగ్రీల చలిలో గడ్డ చాలా పెళుసు, ఒక్క దెబ్బ ఎక్కువైతే గాజులా పగులుతుంది. ఆ ముక్కలు మంచులో కలిసిపోతాయి.

"జనవరి కూడా రాలేదు, వసంతం దాకా ఏం తాగుతాం? నీ కళా?" అంది.

పొయ్యిలోంచి బొగ్గు తీసుకెళ్ళి పేర్పు మధ్యలో నిలువుగా గీత గీసింది. ఇటు పదహారు ఆవిడవి, తాగడానికి. అటు పదిహేను నావి, పాడు చేయడానికి. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆస్తి పంచుకోవడం ఇదే మొదలు.

జనవరి 6

నిదానంగా రాయాలి.

ఈరోజు కత్తి జారింది. మా కత్తులకి ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. కుడిచేతివాడి కత్తికి చదును ఏ పక్క ఉంటుందో ఎడమచేతివాడి కత్తికి దాని అవతలి పక్క ఉంటుంది. నాది కుడిచేతి కత్తి. దాన్ని ఎడమచేత్తో పట్టుకుంటే పైపైన పోకుండా లోపలికి దిగబడుతుంది. గడ్డ వెనక వైపు చదును చేస్తుంటే అలాగే దిగబడి, జానెడు మేర గుంట తవ్వేసింది. తిట్టాను. కత్తిని, చేతిని, జొగోర్‌ని. గడ్డని తిప్పి తన్నబోయాను.

ముందు వైపు నుంచి చూస్తే లోపల గుర్రప్పిల్ల ఉంది.

వెనక ఉన్నది గుంట. ముందు నుంచి చూస్తే అదే ఉబ్బి, వెలుగు తాగి, తెల్లగా, గడ్డ మధ్యలో పడుకుని ఉంది. మెడ ఉంది, వీపు ఉంది. కాళ్ళు ఇంకా లేవు. వెనక్కి పోయి కత్తి మొనతో నాలుగు గీతలు తవ్వి మళ్ళీ ముందుకొచ్చాను. లేచి నిలబడింది.

నేను చెక్కింది గుర్రాన్ని కాదు. గుర్రం లేని చోటుని. యాభై ఏళ్ళ నుంచి కర్రకి పైన పైన తిరిగాను, లోపలికి పోవచ్చని తెలియదు.

ఓగ్దోని పిలిచాను. చేతికి పిండి అంటుకునే వచ్చింది. చాలాసేపు చూసింది. వెనక్కి పోయి గుంటలో వేలు పెట్టి చూసింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"ఇది ఏ వైపుది?" అంది.

"నావైపుది."

"సరే" అని లోపలికి పోయింది. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను చూడలేదనుకుంది.

జనవరి 8

గుర్రప్పిల్ల మళ్ళీ రాలేదు. నాలుగు గడ్డలు పాడయ్యాయి. కత్తి దాని ఇష్టానికి దిగుతుంది. ఒకటి మేక అయింది. మిగతావి ఏమిటో ఓగ్దో కూడా చెప్పలేకపోయింది.

జనవరి 9

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. డిసెంబరు నుంచే రాస్తున్నాను. డాక్టరమ్మకి చెప్పలేదు. అక్షరాలు ఎద్దుల్లా ఉన్నాయి గాని వరసలో నడుస్తున్నాయి.

కుడిచెయ్యి ఇక రాదు.

రాశాను. చాలు.

ఎడమచేతి కత్తి కావాలి. ఊళ్ళో కమ్మరి ఒకడే. వాడే జొగోర్.

జనవరి 11

వెళ్ళాను. రెండుసార్లు వాడి గుమ్మం దాటిపోయి మూడోసారి తలుపు తోశాను. కొలిమి దగ్గర కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్ళలో బాగా ముసలాడైపోయాడు.

"దారి తప్పావా?" అన్నాడు.

"కత్తి కావాలి."

"ఉందిగా నీకు."

"నాకు కాదు. మా పెద్దమ్మ కొడుకు ఒకడున్నాడు, నదికి అవతల. ఎడమచేతివాటం."

"పేరేంటి?"

"పేరెందుకు, కత్తి మీద రాస్తావా?"

"చెయ్యి ఎంత ఉంటుంది వాడిది?"

"చెయ్యంత ఉంటుంది."

"నీదంత ఉంటుందా?"

"ఇంచుమించు."

"ఏదీ, ఇటు పెట్టు."

నా ఎడమచెయ్యి పట్టుకుని బల్ల మీద ఆనించి చుట్టూ బొగ్గుతో గీశాడు. బొటనవేలు మడిచి చూశాడు, అరచేతిలో కొత్త కాయలు తడిమి చూశాడు. నా కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. అటు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మర్యాద వాడికి ఎక్కడ అబ్బిందో.

"మీవాడు కర్ర చెక్కుతాడా?"

"మంచుగడ్డ."

"పిచ్చా?"

"కొత్తగా పట్టింది."

కొలిమిలో రెండు బొగ్గులు వేశాడు. "బదులేమిస్తాడు?"

దారిలో ఏమేమో అనుకుంటూ వెళ్ళాను. గుర్రపు జీను ఇద్దామనుకున్నాను. నోటివెంట వేరేది వచ్చింది.

"లార్చ్ దుంగ. ఎనిమిదేళ్ళు ఆరింది. పగులు లేదు."

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. "అది తుయారా రాటకి కదరా."

"రాటకే. నువ్వు చెక్కు. నీ పేరుతోనే నిలబెట్టు. పక్కన నా మంచుగడ్డ రాట ఉంటుంది. జనం దేన్ని చూస్తారో చూద్దాం."

"నాదాన్నే చూస్తారు. నీది మే నెలలో ఉండదు."

"పెళ్ళి మార్చిలో."

పెద్దమ్మ కొడుకుని ఇద్దరం మర్చిపోయాం.

జనవరి 12

ఓగ్దోకి చెప్పాను. జొగోర్‌కే ఇమ్మన్నది తనే కదా, సంతోషిస్తుందనుకున్నాను.

"దుంగ ఇవ్వమన్నాను. దాని పక్కన నీళ్ళు నిలబెడతానని చెప్పమన్నానా? రాట పాతితే ఎవరూ పీకరు. కాలం తీరి దానంతట అది పడాలి. పెళ్ళంటే అది. నీది మేలో బురద. పెళ్ళికొడుకు తల్లి ఊరుకుంటుందా?"

"బురద కాదు, నీళ్ళు. నీళ్ళు చెరువులోకి పోతాయి, నవంబరులో మళ్ళీ లేచి నిలబడతాయి. కర్ర కుళ్ళితే మళ్ళీ లేస్తుందా?"

"ఈ మాట పెళ్ళిలో అనకు" అంది.

జనవరి 20

కత్తి వచ్చింది. జొగోర్ స్వయంగా తెచ్చాడు, గుమ్మంలోనే ఇచ్చి, "మీ పెద్దమ్మ కొడుక్కి పంపు" అని, టీ కూడా తాగకుండా పోయాడు.

పిడి నా చేతిలోకి వచ్చి కూర్చుంది. ఇంత చెప్పాను కదా, ఇది రాయడానికి మాట లేదు. యాభై ఏళ్ళు పక్కింట్లో ఉండి ఈరోజే తలుపు తీసిన మనిషిలా ఉంది నా ఎడమచెయ్యి.

జనవరి 21

ఒకే గడ్డలో నాలుగు గుర్రప్పిల్లలు. నాలుగింటికీ కాళ్ళున్నాయి.

జనవరి 22

పాడాను. కోసుకుంటూ పాడాను. పక్కింటివాళ్ళ కుక్క వచ్చి కూర్చుని వింది. ఓగ్దో కిటికీ కొట్టి, "ఊళ్ళో పాలు విరిగిపోతాయి, ఆపు" అంది.

ఫిబ్రవరి 10

రాయడానికి తీరిక లేదు. ఏడు గడ్డలు మిగిలాయి నావి. నాలుగు రాటకి కావాలి. ఒకదానిమీద ఒకటి నిలబెడితే మనిషి ఎత్తు దాటుతుంది. మధ్యలో తడిమంచు పూస్తే చెయ్యి తీసేలోపు అతుక్కుంటుంది. అడుగు గడ్డలో తల్లిగుర్రాలు, పైన పిల్లలు, అన్నిటికన్నా పైన ఒకే ఒక పిల్ల, పరుగులో. అది ఎలా వస్తుందో ఇంకా తెలియదు. తెలియకపోవడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 19

పై గడ్డ పగిలింది. ఆరు.

ఫిబ్రవరి 23

మళ్ళీ. ఐదు.

ఫిబ్రవరి 26

మళ్ళీ పగిలింది. మూడు రాటవి, ఒకటి చేతిలో. ఇది పోతే లేదు. పొరపాటు ఏమిటో తెలిసింది: పొద్దున్నే చేస్తున్నాను, చలి ఎక్కువ, గడ్డ పెళుసు. మధ్యాహ్నం ఎండ తగిలాక కొంచెం మెత్తబడుతుంది, అప్పుడు కొయ్యాలి. ఇది చేప తినే ప్రతివాడికీ తెలుసు. నేను గొప్పవాణ్ణి కదా, నాకు తెలియలేదు.

ఫిబ్రవరి 27

వచ్చింది.

ఫిబ్రవరి 28

వచ్చింది అని నిన్న ఒక్క మాటే రాశాను. పొద్దున లేచి మళ్ళీ చూశాను. ఇంకా ఉంది.

మార్చి 18

తుయారా కొత్త ఇంటి ముందు నిలబెట్టాం. జొగోర్ లార్చ్ రాట ఒక పక్క, నాది గుమ్మం పక్క. వాడిది బాగుంది. గుర్రం తల పెట్టాడు పైన, మెడ కింద పగ్గం కట్టడానికి మూడు గాళ్ళు. ఎంత వెతికినా వాలలేదు. రెండు కళ్ళూ తెరిచే చూశాను.

నాది మధ్యాహ్నం ఎండలో వెలిగింది. జొగోర్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి వెనక గుంటల్లో ముక్కు పెట్టి చూశాడు.

"మీ పెద్దమ్మ కొడుకు బాగానే చేస్తాడు" అన్నాడు.

మార్చి 20

పెళ్ళి అయింది. వరసగా రాస్తాను.

రాట గుమ్మం పక్కన పెట్టాను కదా. నా తెలివితక్కువతనం. నిన్నటినుంచి ఆ ఇంట్లో మాంసం ఉడుకుతోంది, అట్లు పోస్తున్నారు, తలుపు తీసినప్పుడల్లా ఆవిరి బుస్సుమని బయటికి వచ్చి చలికి నా రాట మీద పేరుకుంది. తెల్లారేసరికి వేలు మందం నూగుమంచు. లోపల గుర్రం లేదు, గుంట లేదు. పిండి బస్తాలు నాలుగు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టుంది.

కత్తితో గీరితే గీత పడుతుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ అతుక్కుంటుంది. నేను ఏదో ఒకటి చేద్దామనుకునేలోపు పెళ్ళివారు వచ్చేశారు. అందరూ జొగోర్ రాట చుట్టూ చేరారు. తల తడిమారు, గాళ్ళు లెక్కపెట్టారు. నా దగ్గరకొచ్చి, "ఇదేంటి, తాగునీళ్ళా? ఇంటి ముందే పెట్టుకున్నారు, మంచిదే" అన్నాడొకడు.

పిల్లాడి తల్లికి ఎవరో చెప్పినట్టున్నారు. "ఇదీ రాటేనటగా?" అని నన్నే అడిగింది. "ఎన్నాళ్ళుంటుంది?"

"మే దాకా" అన్నాను.

"పెళ్ళి కూడా అంతేనా?"

నా దగ్గర జవాబు ఉంది. ఓగ్దో అనొద్దన్న జవాబు. నోరు తెరిచాను. ఓగ్దో దూరం నుంచే నన్ను చూసింది. మూశాను. ఇన్ని నెలల్లో మొదటిసారి నా కుడిచెయ్యి బరువు తెలిసింది. ఇంటికి పోదామనుకున్నాను. నిజంగానే రెండడుగులు వేశాను.

పెళ్ళికొడుకు బూడిదరంగు గుర్రం ఎక్కి వచ్చాడు. ఆడగుర్రం, ఈనడానికి నెల ఉంది, పొట్ట తెలుస్తోంది. దాన్ని జొగోర్ రాటకి కట్టారు. పగ్గం పొడుగు వదిలారు. అందరూ దీవెన చెప్పే పెద్దాయన వైపు తిరిగారు. ఆయన మొదలుపెట్టాడు. ఆయన మొదలుపెడితే ఆపేది మధ్యాహ్నమే.

గుర్రానికి దాహం వేసింది. నా రాట దగ్గరికి వచ్చి నాకడం మొదలుపెట్టింది. ముందు ఒక నాలుక వెడల్పు తెల్లదనం పోయింది. దాని వెనక నలుపు, నీలం. ఇంకోసారి నాకింది. ఇంకోసారి. వెచ్చటి నాలుక, దాని ఊపిరి, రెండూ కలిసి అద్దంలా చేశాయి. మూడో గడ్డ దగ్గర ఆగింది. చెవులు ముందుకి పెట్టింది. లోపల పిల్ల ఉంది.

చిన్నగా సకిలించింది. తల్లులు పిల్లల్ని పిలిచే గొంతుతో. ముక్కు గడ్డకి ఆనించి పక్కనించి వెనక్కి పోయి చూసింది. మళ్ళీ ముందుకొచ్చి నాకింది. పిల్ల ముఖం కడుగుతున్నట్టు.

దీవెన ఆగిపోయింది. పెద్దాయనే ఆపాడు. అందరూ తిరిగారు. తుయారా పెళ్ళిబట్టలతోనే వచ్చి చేతితొడుగు తీసి, వట్టి అరచెయ్యి గడ్డ మీద పెట్టింది. చెయ్యి తీసిన చోట ఇంకో పిల్ల. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. ఊరంతా వచ్చి చేతులు పెట్టింది, ఊదింది, చిన్నపిల్లల్ని భుజాలకెత్తుకుని పై గడ్డ తుడిపించింది. ఎండ సూటిగా పడింది. పైన పరుగెత్తే పిల్ల బయటపడేసరికి పిల్లాడి తల్లి దాని కింద నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆవిడ రెండు చేతులూ తడి.

"మే దాకానేనా?" అంది మళ్ళీ. ఈసారి గొంతు వేరు.

"అంతే" అన్నాను.

"వచ్చే ఏడు మళ్ళీ పెట్టాలి మరి" అని పెద్దాయనతో అంది, కాని నాకు వినబడేట్టు.

జొగోర్ పక్కకొచ్చాడు. "నా రాటని ఏ గుర్రమూ ఇంతవరకు తినలేదు" అన్నాడు.

"ఉప్పు తక్కువయి ఉంటుంది" అన్నాను.

ఇద్దరం ఒకే గిన్నెలో తాగాం. చాలా తాగాం. ఈ పేజీ అందుకే ఇలా ఉంది.

మార్చి 23

తల ఇప్పుడు నిలబడింది.

మార్చి 26

పెరట్లో గోడ లేదు. ఆవిడ పదహారు కూడా అయిపోయాయి. నేను ముట్టుకోలేదు. మిగిలినవి పెళ్ళికి వచ్చిన చుట్టాలు తాగారు. మంచు కరగడానికి ఇంకా నెల పైనే ఉంది. ఓగ్దో గడ్డపార తీసి గుమ్మానికి ఆనించింది.

మార్చి 27

చెరువుకి పోయాం. నేను, ఓగ్దో, జొగోర్. గడ్డ ఇప్పుడు నా నడుము దాటి ఉంది. జొగోర్ పార వేశాడు. నేను ఎడమచేత్తో మేకు పట్టాను. ఓగ్దో అట్టు ముక్క పెట్టి, అంచున కూర్చుని పైకి వచ్చిన గడ్డల్ని బండి మీదకి పంపుతోంది. ఒక్కొక్కదాని మీద చెయ్యి ఆనించి, "టీకి" అంటుంది, జొగోర్ నెడతాడు. "టీకి." "టీకి."

ఏడో గడ్డ దగ్గర ఆగింది. మోకాళ్ళ మీద వంగి, కళ్ళ పక్కన చేతులడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. తల ఇటు వంచింది. అటు వంచింది. జొగోర్ నెట్టబోతే చేత్తో ఆపింది.

"ఇది టీకి కాదు" అంది.

"ఏముంది అందులో?" అన్నాడు వాడు.

"నాకేం తెలుసు. ఆయన్ని అడుగు."

నేను కూడా వంగి చూశాను. నాకూ తెలియదు. బుడగలు వంకర దారిలో పైకి పోతున్నాయి, మధ్యలో ఏదో చీకటి, ఆ చీకటి పక్కన సన్నటి వెలుగు మడత పడి ఉంది. ముగ్గురం చెరువు మీద మోకాళ్ళూని వరసగా చూస్తూ ఉండిపోయాం. బండి కట్టిన గుర్రం విసుక్కుని కాలు తట్టింది.

ఆ గడ్డ ఇప్పుడు పెరట్లో ఉంది. గీత గీయలేదు ఓగ్దో ఈసారి. కిటికీ కొడుతోంది.

"రాస్తూ కూర్చుంటావా? ఎండ పోతోంది."

పోతున్నా